జీఏ4: మూడేళ్లు దాటాక నా మాట

వెబ్‌సైట్‌కి ఎంతమంది వస్తున్నారో, ఏం చేస్తున్నారో లెక్కగట్టే గూగుల్ టూల్ పాత వెర్షన్ యూనివర్సల్ అనలిటిక్స్, 2023 జూలై 1న కొత్త డేటా తీసుకోవడం ఆపేసింది. అందుకు కొన్ని నెలల ముందే నేను దాని కొత్త వెర్షన్ గూగుల్ అనలిటిక్స్ 4 (జీఏ4)కి మారాను. వెబ్ అనలిటిక్స్ నా ఉద్యోగం కాబట్టి అప్పట్నుంచీ రోజూ దీంతోనే పని. మొదటి ఆర్నెల్లూ తిట్టుకుంటూనే వాడాను.

ముందుగా తగిలింది బౌన్స్ రేటు గొడవ. పాత పద్ధతిలో ఒక్క పేజీ చూసి, ఇంకేదీ నొక్కకుండా వెళ్లిపోతే బౌన్సే, ఆ పేజీని పావుగంట చదివినా సరే. ఇందులో సెషన్ (ఒకసారి సైట్‌కి వచ్చి వెళ్లడం) 10 సెకన్లు దాటినా, రెండు పేజీలు చూసినా, కీ ఈవెంట్ (కొనుగోలు లాంటి, మనం ముఖ్యమని గుర్తుపెట్టిన పని) జరిగినా అది బౌన్స్ కాదు. దాంతో అంకె ఒక్కసారిగా పడిపోయింది. "భలే తగ్గించావే, ఏం చేశావ్?" అని మేనేజర్ మెచ్చుకున్నారు. "నేనేం చేయలేదు సార్, కొలత మారింది" అని ఒప్పించడానికి వారం పట్టింది. ఆ మెచ్చుకోలు ఊరికే తీసుకుని ఉండాల్సిందేమో!

నిజంగా చెమటలు పట్టించింది మాత్రం నా పొరపాటే. ఎవరైనా కొన్నప్పుడు జీఏ4కి వెళ్లే పర్చేజ్ ఈవెంట్‌తో పాటు ట్రాన్సాక్షన్ ఐడీ (ఆర్డర్ నంబర్ లాంటిది) పంపాలి. కొన్నవాళ్లు థాంక్యూ పేజీని రిఫ్రెష్ చేసినా అదే ఐడీ మళ్లీ వస్తుంది కాబట్టి రెండోసారి లెక్కపెట్టదు. మంచి ఏర్పాటే. నేను రాసిన ట్యాగ్‌లో (ఈవెంట్‌ను పంపే కోడ్ ముక్క) ఆ ఐడీని పట్టుకొచ్చే వేరియబుల్ పేరు తప్పుపడి ఐడీ ఖాళీగా వెళ్లింది. ఖాళీ ఐడీలన్నిటినీ ఇది ఒకే ఐడీ కింద జమకట్టేస్తుంది. ఆర్డర్లు మామూలుగా వస్తున్నాయి, రిపోర్టులో కొనుగోళ్లు మాత్రం అడుగంటాయి. ట్యాగ్ ఫైర్ అవుతోందా లేదా అనే చూశాను కానీ, వచ్చే ఈవెంట్లను అప్పటికప్పుడు చూపించే డీబగ్‌వ్యూలో ఆ ఈవెంట్‌ను తెరిచి లోపల పారామీటర్లు (దాంతో పాటు వెళ్లే వివరాలు) చూడలేదు. తెరిచి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

ఇక డేటా రిటెన్షన్, అంటే విడివిడి వివరాలను ఎన్నాళ్లు దాచి ఉంచాలనే సెట్టింగ్. మనం మార్చకపోతే 2 నెలలే, ఉచిత వెర్షన్‌లో ఎక్కువలో ఎక్కువ 14 నెలలు. మామూలు రిపోర్టులకు ఇబ్బంది లేదు గానీ ఎక్స్‌ప్లోరేషన్స్‌లో (మనమే తయారుచేసుకునే లోతైన విశ్లేషణలు) పాత ఫనెల్, అంటే ఏ మెట్టులో ఎంతమంది ఆగిపోయారనే లెక్క, కావాలంటే దొరకదు. ఒక ప్రాపర్టీలో (జీఏ4లో సైట్ డేటా చేరే ఖాతా లాంటిది) ఇది మార్చడం మర్చిపోయి, నిరుటితో పోల్చమన్నప్పుడు తెల్లమొహం వేశాను.

ఇన్ని చెప్పినా దీన్ని వదలకపోవడానికి కారణం బిగ్‌క్వెరీ ఎక్స్‌పోర్ట్, అంటే ముడి డేటాను గూగుల్ వారి బిగ్‌క్వెరీ అనే డేటాబేస్‌లోకి పంపుకోవడం. ఒకప్పుడు డబ్బు కట్టేవాళ్లకే ఉండేది. ఇప్పుడు ఉచిత ప్రాపర్టీకి కూడా రోజుకు 10 లక్షల ఈవెంట్ల దాకా పంపుకోవచ్చు. స్టోరేజీకి, క్వెరీలకి ఉచిత పరిమితి దాటితే బిల్లు పడుతుంది, అది వేరే సంగతి. డేటాబేస్‌ను అడిగే భాష ఎస్‌క్యూఎల్ రావాలి, అందులో లోపలున్న వివరాలను విడదీసే అన్‌నెస్ట్ రాసి రాసి విసుగొస్తుంది. కానీ రిపోర్టులో అంకె తేడాగా ఉంటే ఒక్కో ఈవెంట్‌నీ విడిగా చూసుకోవచ్చు. లింక్ చేసిన రోజు నుంచే డేటా చేరుతుంది, వెనకటిది రాదు. కాబట్టి ప్రాపర్టీ తెరిచిన రోజే కలిపేయండి.

లెక్కలు కుదుటపడటానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. నిన్నటి అమ్మకాలెన్ని అని పొద్దున మీటింగ్‌లో అడిగితే, ఎల్లుండి అడగండి అంటున్నాను.