నది ఒడ్డున పిట్టలు చూడ్డానికి 8×42 బైనాక్యులర్స్: అన్ని కాలాల్లోనూ వాడాక

బైనాక్యులర్స్ అనగానే అందరూ అడిగేది "ఎన్ని రెట్లు?" అనే. ఊరి మధ్య నుంచి పారే నది దగ్గర అంతకంటే ముందు చూడాల్సింది వెలుతురు. పిట్టల సందడంతా జనం, బళ్లు మొదలవకముందే. 8×42లో 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25, కంటికి చేరే వెలుగు వృత్తం వెడల్పు అన్ని మిల్లీమీటర్లన్నమాట. జేబులో పట్టే 10×25లో అది రెండున్నరే. చలికాలం తెల్లవారుజామున ఆ తేడా తెలిసిపోతుంది. చిన్నదాంట్లో మసక మసగ్గా కదిలేది, దీంట్లో తోకాడిస్తూ బురదలో పురుగులేరుకునే జిట్టంగి.

పది రెట్లవి నాకు నచ్చలేదు. వంతెన మీద లారీ వెళ్లిందంటే రెయిలింగుతో పాటు పిట్టా గంతులేస్తుంది. ఎనిమిదిలో బొమ్మ నిలుస్తుంది. మురుగునీటి పైపు అంచున వాలిన చిన్న నీలి లకుముకి పిట్ట కింది ముక్కు రంగు కూడా దొరుకుతుంది: ఎర్రగా ఉంటే ఆడది, నల్లగా ఉంటే మగది. అది చేప కోసం దూకేలోపు ఫోకస్ అందుకోవాలి. ఇందులో చక్రం మెత్తగా, చప్పున తిరుగుతుంది.

వానాకాలానికి భయం లేదు. లోపల నైట్రోజన్ నింపి సీల్ చేశారు కాబట్టి అద్దాల లోపలివైపు ఆవిరి పట్టదు. ఏసీ కారులోంచి దిగితే మాత్రం బయటివైపు పడుతుంది, కాసేపు ఆగాల్సిందే. చొక్కా కొసతో తుడవకండి, దుమ్ముకి కోటింగ్ గీసుకుపోతుంది.

లోపాలున్నాయి. ఎండలో తెల్ల కొంగని నల్లటి నీళ్ల మీద చూస్తే రెక్క అంచు వెంట ఊదారంగు గీత కనిపిస్తుంది. ఈ మధ్యరకం ధరలో ఇది మామూలే అంటారు గానీ, కొంగలే ఎక్కువున్న చోట చిరాకే. వేసవి మధ్యాహ్నం నీటికాకి రెక్కలారబెట్టుకుంటుంటే బొమ్మంతా అలలు పోతుంది. అది వేడిగాలి పని, ఎంత ఖరీదైంది కొన్నా అంతే.

కళ్లద్దాలున్నవాళ్లు కంటికప్పుల్ని (కన్ను ఆనించే అంచుల్ని) కిందికి తిప్పేసి చూడాలి. నది బాగా వెడల్పైతే అవతలి ఇసుకదిబ్బ మీది బాతుల రకం దీంతో తేలదు, దానికి స్టాండుతో స్పాటింగ్ స్కోప్, అంటే దూరపు పిట్టల్ని చూసే చిన్న టెలిస్కోపు కావాలి. ఇక ఈ బైనాక్యులర్స్‌తో వచ్చిన పట్టీ మెడ కోసేస్తుంది. భుజాల మీద బరువు పడే పట్టీ విడిగా కొనుక్కోండి.