నికోటిన్ గమ్: నమిలే పద్ధతి తెలిస్తేనే పనిచేస్తుంది

సిగరెట్ మానడానికి వాడే నికోటిన్ గమ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా నమిలే తీరు వల్లే. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది. అక్కడ మంట, ఎక్కిళ్లు, వికారం. కోరిక మాత్రం తగ్గదు. మందు ఎక్కాల్సింది బుగ్గ లోపలి పొర గుండా. అందుకే మెల్లగా నమిలి, ఘాటు లేదా చురుకు తెలియగానే ఆపి, చిగుళ్లకీ బుగ్గకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమిలి, ఈసారి వేరే చోట పెట్టాలి. ఇలా అరగంట.

వాడే ముందు 15 నిమిషాలు, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, పళ్లరసం, కూల్‌డ్రింకులు వద్దు. నోట్లో ఆమ్లం పెరిగితే నికోటిన్ సరిగా ఎక్కదు. ఈ ఒక్క పొరపాటుతో మంచి మందుకు చెడ్డపేరు వస్తోంది, నిజంగా బాధాకరం.

నిద్ర లేచిన 30 నిమిషాల్లోపే మొదటి సిగరెట్ వెలిగించేవారికి 4 మి.గ్రా. గమ్, మిగతావారికి 2 మి.గ్రా. మొదటి 6 వారాలు గంట, రెండు గంటలకొకటి. తర్వాత 3 వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి. చివరి 3 వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. రోజుకు 24 దాటకూడదు. తొలి వారాల్లో చాలామంది మరీ తక్కువ వాడి, మళ్లీ సిగరెట్ అందుకుంటారు.

రుచి బాగోదు. కట్టుడు పళ్లకు అతుక్కుంటుంది. అలాంటివారికి చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ నయం. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే వాడాలి. నమిలేసిన ముక్కలోనూ నికోటిన్ మిగిలి ఉంటుంది, కాగితంలో చుట్టి పిల్లలకు అందకుండా పారేయండి.