జాగ్రత్త: హైదరాబాద్‌లో 'మైనస్ 30 జాకెట్' కొనబోయేవాళ్లు ఇది చదివి వెళ్లండి

జనవరి ఇన్‌టేక్‌లో, అంటే జనవరిలో మొదలయ్యే కోర్సులకి, కెనడా వచ్చినవాళ్లకి నేను ఏ షాపు గురించి మాట్లాడుతున్నానో పేరు చెప్పక్కర్లేదు. వీసా రాగానే కన్సల్టెన్సీ వాళ్లు పంపే షాపే. సూట్‌కేసులు, కుక్కరు, థర్మల్స్ అన్నీ ఒకేచోట. జాకెట్ 9,500, బూట్లు 4,200 పెట్టి కొన్నా. మాది రెంటచింతల వైపు. ఎండ గురించి అడగండి, గంటసేపు చెబుతా. చలి గురించి నాకేం తెలుసు? సంక్రాంతి ముందు మా తాత చెవులకి చుట్టుకునే తువ్వాలు, అంతే.

షాపాయన జాకెట్ తొడిగించి "ఎట్లుంది తమ్మీ?" అన్నాడు. రెండు నిమిషాల్లో చెమటలు కారాయి. "చూసినవా? మైనస్ 30 వరకు ఫికర్ లేదు. అసలైన డౌన్, బాతు ఈకలు" అంటూ జిప్పుకి వేలాడుతున్న అట్టముక్క చూపించాడు. మురిసిపోయాను. హైదరాబాద్‌లో గోనెసంచి కప్పుకున్నా చెమటే పడుతుందని బుర్రకి తట్టలేదు. పైగా మెకానికల్ ఇంజనీరుని. హీట్ ట్రాన్స్‌ఫర్‌లో 71 మార్కులు!

విన్నిపెగ్‌లో దిగిన మూడో రోజు. ఫోన్లో మైనస్ 26, గాలితో కలిపితే మైనస్ 38. బస్సు లేటు. ముందు ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి గుచ్చుకున్నాయి, తర్వాత కనురెప్పలు అతుక్కున్నాయి. సరే, అది అందరికీ అయ్యేదేనట. కానీ జాకెట్ కుట్లలోంచి గాలి దూరి వీపంతా సూదులు. జిప్పు మెడ దాకా లాగబోతే పళ్లు విడిపోయి ముందుభాగం మొత్తం తెరుచుకుంది. స్నానం చేసి వస్తూ తువ్వాలు జారకుండా పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని పదిహేను నిమిషాలు నిలబడ్డా. కుడిచేతి వేళ్లు తెల్లబడి, రూముకెళ్లాక కూడా చాలాసేపు స్పర్శ లేదు.

ఆ రాత్రే బ్లేడుతో లైనింగ్ కోశా. పాత దిండు చిరిగితే వస్తుందే, ఆ తెల్ల పీచు. బాతు కాదు కదా, కోడి ఈక కూడా లేదు. లోపలి జేబు కింద 'పాలిస్టర్ 100 శాతం' అని చిన్న లేబుల్ కుట్టి ఉంది. కొన్నరోజూ అక్కడే ఉంది. చూడని వెధవని నేను.

రాత్రి 11:30కి, అంటే అక్కడ పొద్దున 11కి, షాపుకి ఫోన్ చేశా. మైనస్ 30 అన్నారు కదండీ అంటే ఆయన ఏమన్నాడో తెలుసా? "మైనస్ 30 అంటే డిగ్రీలు గాదు తమ్మీ, అది మోడల్ నంబర్." నాకు మాట రాలేదు. ఈలోపు ఆయనే నవ్వుతూ "చలి దేశానికి పోయి చలి పెడుతుందంటే ఎట్ల?" అన్నాడు. పక్కనెవరో నవ్వడం కూడా వినిపించింది. నా వేళ్లకి స్పర్శ లేదు, వాళ్లకి జోకు. మర్నాడు నంబరు బ్లాక్. మా తమ్ముడు వెళితే బిల్లు వెనక 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని చూపించి పంపేశారు. వెళ్లే ముందు వాడికి టీ ఇచ్చారట. ఎంత మర్యాదో!

ఇప్పుడు వేసుకుంటున్నది ఇక్కడ సెకండ్‌హ్యాండ్ షాపులో 60 డాలర్లకి కొన్న పార్కా, అంటే పొడవాటి చలికోటు. మోకాళ్ల దాకా ఉంది, జిప్పు మీద ఇంకో ఫ్లాప్ ఉంది, గాలి దూరదు. ఎవరో ముసలాయనదనుకుంటా, జేబులో దగ్గు బిళ్ల రేపర్ దొరికింది.

కొనక తప్పదనుకుంటే అట్టముక్క కాదు, లోపల కుట్టిన లేబుల్ చదవండి. ఎయిర్‌పోర్ట్ నుంచి రూముకి చేరేంత బట్ట చాలు, అసలుది ఇక్కడికొచ్చాక కొనండి. గ్లోవ్స్ మర్చిపోవద్దు. గాలితో కలిపి మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చని ఇక్కడి వాతావరణ శాఖే చెబుతుంది.

బూట్ల సంగతి చెప్పలేదు కదూ. నిన్న మంచు కరగడానికి ఉప్పు చల్లిన ఫుట్‌పాత్ మీద ఎడమ కాలి సోల్ ఊడి అక్కడే ఉండిపోయింది. నేను నాలుగడుగులు వేశాక చూసుకున్నా.