'ఫారిన్ స్మిత్' అన్నారని లక్షలు పోయకండి: బెజవాడలో నాకు జరిగింది

ఆయుధ లైసెన్సు కొత్తగా చేతికొచ్చి, విజయవాడలోనో గుంటూరులోనో రివాల్వర్ కోసం తిరుగుతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు తీయండి. ముఖ్యంగా "పాతదైనా పర్లేదు, ఫారిన్‌ది కావాలి" అనుకునేవాళ్లు. నేను 3 లక్షల 40 వేలు పోసి అమెరికన్ కంపెనీ స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ అనుకుని ఒకటి కొన్నాను. అది స్మిత్ కాదు. భద్రంగా పేల్చదగ్గ స్థితిలో కూడా లేదు. కొట్టు పేరు రాయను. దాని మీద నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. మీకు కావాల్సింది కొట్టు పేరు కాదు, నేను ఎక్కడ మోసపోయానో అది.

మాది మిర్చి వ్యాపారం. ఇల్లు విజయవాడలో, పని గుంటూరు యార్డులో. సీజన్‌లో రాత్రి పొద్దుపోయాక డబ్బుతో తిరిగి రావాల్సి ఉంటుంది, లైసెన్సుకి అదే కారణం. కానీ రివాల్వర్ల మీద నా పిచ్చి అంతకంటే పాతది. నాన్నగారి పన్నెండు బోరు డబుల్ బారెల్ శుభ్రం చేస్తూ పెరిగినవాణ్ణి. ఆ తుపాకీ ఇప్పుడు నా లైసెన్సులోనే ఉంది. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే కాబట్టి నాకు మిగిలింది ఒక్క ఖాళీ. ఆ ఒక్కటీ మంచిది పెట్టుకోవాలని రెండేళ్లు ఆగాను.

కొత్తవి చూడకపోలేదు. మనకు మామూలు లైసెన్సు మీద దొరికేది ప్రధానంగా .32 (తూటా సైజు). కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ ఎన్నో ఏళ్లుగా చేస్తున్న .32 రివాల్వర్ వెబ్లీ మార్క్ ఫోర్ అనే బ్రిటిష్ రివాల్వర్ వంశంలోది. పైనున్న లాచ్ నొక్కితే బారెల్ ముందుకు వంగి, పేలిన తూటాల ఖాళీ కేసులన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. బరువు దాదాపు 700 గ్రాములు. చేతిలో మొద్దుగా అనిపిస్తుంది, ట్రిగ్గర్ గట్టి. కానీ ఏ పట్టణంలో అడిగినా దాని సంగతి తెలిసినవాడు దొరుకుతాడు. నిర్భీక్ అనే రివాల్వర్ 2014లో వచ్చింది. టైటానియం మిశ్రమంతో చేశారు, 500 గ్రాములే, అప్పట్లోనే ధర 1 లక్షా 22 వేలు దాటింది. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో పట్టాలని చేసిన పీసు అది, నా అరచేతికి ఆ పిడి చాలలేదు. 2023 ఆగస్టులో ప్రబల్ అనే రివాల్వర్ వచ్చింది. మన ప్రభుత్వ కర్మాగారాల నుంచి సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) పక్కకు తెరుచుకునే రివాల్వర్ రావడం అదే మొదలు. నిజం చెప్పాలంటే నేను అదే కొని ఉండాల్సింది. వంగే రకంలో ప్రతి దెబ్బా ఆ కీలు మీద, లాచ్ మీద పడుతుంది. పక్కకు తెరుచుకునే దాంట్లో ఫ్రేమ్ ఒకే ముక్క, అందుకే గట్టి.

మరి ఎందుకు కొనలేదంటే, ఫారిన్ మోజు. మామూలు లైసెన్సుదారులు విదేశీ తుపాకులు తెప్పించుకోవడం 1980ల మధ్య నుంచే దాదాపు ఆగిపోయింది. అంతకు ముందు దేశంలోకి వచ్చినవే చేతులు మారుతూ తిరుగుతున్నాయి. సరుకు పెరగదు, అడిగేవాళ్లు పెరుగుతారు. అందుకే అమెరికాలో మామూలు మనిషి కొనుక్కునే పాత రివాల్వర్‌కి ఇక్కడ లక్షలు పలుకుతాయి. ఈ ధరే మోసానికి తలుపు తీస్తోంది.

నాకు చూపించిన పీసు నల్లగా, నూనె రాసిన రాయిలా మెరిసిపోతోంది. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, ఆరు గదులు, బారెల్ మీద ఇంగ్లీషులో '.32 స్మిత్ అండ్ వెసన్' అని పెద్ద అక్షరాలు. అమ్మే ఆయన, "బాబూ, పెద్ద జమీందారీ కుటుంబం వాళ్లది. వాళ్ల అబ్బాయి లైసెన్సు వద్దన్నాడని ఇచ్చేశారు. రేపు హైదరాబాద్ నుంచి పార్టీ వస్తున్నాడు, నీ మొహం చూసి ఆపాను" అన్నాడు. కాగితాల్లో కూడా తయారీ స్మిత్ అండ్ వెసన్ అనే ఉంది. ఖాళీ సిలిండర్ రెండుసార్లు తిప్పి చూశాను, ట్రిగ్గర్ మెత్తగా వచ్చింది. పాత అమెరికన్ పనితనం అంటే ఇదే అనుకుని మురిసిపోయాను. ఆ మెత్తదనం పనితనం వల్ల కాదు, స్ప్రింగ్ నీరసించడం వల్ల.

లైసెన్సు పుస్తకంలో ఎక్కించుకుని, అనుమతి తీసుకుని ఒక రేంజ్‌కి వెళ్లాం. మా బావమరిది పక్కన ఓ రెండు గజాల దూరంలో నిలబడ్డాడు. మొదటి ఆరులో రెండు పేలలేదు. హామర్ పడింది, శబ్దం రాలేదు. ఆలస్యంగా పేలుతుందేమోనని ముప్పై సెకన్లు గురి మీదే ఆపి, తర్వాత సిలిండర్ తెరిచాను. రెండో విడత మూడో రౌండుకి మా బావమరిది "బావా, చెయ్యి చురుక్కుమంది" అని వెనక్కి గెంతాడు. మోచేతి కింద ఆవగింజంత సీసం ముక్క గుచ్చుకుని ఉంది. చిన్న రక్తపు చుక్క. అది కంట్లో పడి ఉంటే? ఆ రోజు కళ్లద్దాలు పెట్టుకో అని పట్టుబట్టింది నేనే, అంతవరకు నయం. అక్కడితో పేల్చడం ఆపేశాను.

పేలిన కేసులు ఇంటికి తెచ్చి బల్ల మీద వరసగా నిలబెట్టాను. కేసు అడుగున ఉండే ప్రైమర్ మీద, హామర్ పడినప్పుడు కొట్టే ఫైరింగ్ పిన్ గుంట నడిమధ్యన ఉండాలి. నాలుగింటిలో అంచుకు జరిగిపోయి ఉంది. అంటే హామర్ పడే వేళకి గది బారెల్‌కి ఎదురుగా రావడం లేదు. బుల్లెట్ బారెల్ అంచుని గీసుకుంటూ దూరుతోంది, ఆ గీకుడు సీసమే పక్కకు చిమ్మింది. పేలని రెండింటి మీదా గుంట ఉందో లేదో అన్నట్టుంది.

ఆ రాత్రి భూతద్దం పెట్టి బారెల్ చూశాను. 'స్మిత్ అండ్ వెసన్'కి ముందు చిన్న అక్షరాలు, పాలిష్ చక్రం కింద అరిగిపోయి, లైటు ఒక వాటంగా పట్టుకుంటేనే కనపడుతున్నాయి. 'ఫర్' అని. చివర్లో 'కార్ట్రిడ్జెస్' తాలూకు సగం అక్షరాలు. అంటే అది 'స్మిత్ అండ్ వెసన్ కార్ట్రిడ్జ్‌లకు' అని. తయారీదారు పేరు కాదు, వాడాల్సిన తూటా పేరు. పోయిన శతాబ్దం మొదట్లో స్పెయిన్‌లోని ఎయిబార్ పట్టణంలో చిన్న చిన్న కార్ఖానాలు స్మిత్, కోల్ట్ రివాల్వర్లకు నకళ్లు కుప్పలుగా చేశాయి. ఆ పెద్ద పేరు కొట్టొచ్చినట్టు కనపడేలా, మిగతా మాటలు చిన్నగా ఉండేలా ముద్ర వేయడం అప్పటి వాటం. ఎయిబార్ పనితనమంతా చెడ్డదని నేను అనను, అక్కడ మంచి పనివాళ్లూ ఉన్నారు. నా చేతికొచ్చినది మాత్రం మెత్తటి ఉక్కు. సిలిండర్‌ని కదలకుండా నిలిపే, దాని చుట్టూ ఉండే గాడులు అరిగి గుండ్రబడ్డాయి. అసలు స్మిత్ అయితే బారెల్ మీద కంపెనీ పేరుతో పాటు స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరి పేరు ఉంటుంది, పాతవాటికి పిడి అడుగున సీరియల్ నంబరు ఉంటుంది. ఇన్నేళ్లుగా ఇవన్నీ చదివినవాణ్ణి, కొట్లో నిలబడి ఒక్కటీ చూడలేదు. అదే నా బాధ.

కొట్టుకి తిరిగి వెళ్తే, "లైసెన్సులో ఎక్కిపోయాక వెనక్కెలా తీసుకుంటాం?" అన్నాడు అమ్మినాయన. చొక్కా మార్చుకున్నంత తేలిక కాదు ఇది. సొంత ఆయుధాన్ని ఇంకొకరికి అమ్మాలంటే ముందు రాతపూర్వకంగా అధికారులకు తెలియజేసి 45 రోజులు ఆగాలి, కొనేవాడికీ లైసెన్సు ఉండాలి. ఇది నా పుస్తకంలో ఉన్నంతకాలం నా రెండో ఖాళీ నిండినట్టే, వేరొకటి కొనలేను. పైగా పుస్తకంలో తయారీ పేరు ఒకటి, చేతిలో ఉన్నది ఇంకొకటి. రేపు ఏ తనిఖీలోనైనా జవాబు చెప్పుకోవాల్సింది నేను.

అందుకే కొట్టుకి వెళ్లేటప్పుడు జేబులో భూతద్దం, చిన్న టార్చి, ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలచటి రేకుల కట్ట) పెట్టుకెళ్లండి. ఫీలర్ గేజ్ మన ఆటోనగర్‌లో ట్యాపెట్లు సెట్ చేసే ప్రతి మెకానిక్ దగ్గరా ఉంటుంది. ముందు ఆయుధం ఖాళీ అని మీ కళ్లతో, మీ వేలితో ఆరు గదులూ చూసుకోండి. అమ్మేవాడి అనుమతి అడిగి, హామర్‌ని బొటనవేలితో నెమ్మదిగా వెనక్కి లాగండి. హామర్ పూర్తిగా వెనక్కి చేరేలోపే సిలిండర్ తన గాడిలో టక్కుమని కూర్చోవాలి. ఇది ఆరు గదులకీ విడివిడిగా చూడాలి. నా దాంట్లో రెండు గదులు బాగానే కూర్చునేవి. కొట్లో నేను తిప్పి చూసింది ఆ రెండే అయ్యుంటాయి. తర్వాత హామర్‌ని బొటనవేలితో ఆపి పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా దించేసి, ట్రిగ్గర్ వదలకుండా సిలిండర్‌ని రెండు వేళ్లతో కదపండి. వెంట్రుకవాసి ఆట ఉంటే ఫర్వాలేదు. టకటకలాడితే అక్కడే పెట్టేయండి. సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సందులో గేజ్ రేకు దూర్చండి. 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మధ్య ఉంటే బాగున్నట్టు. నా దాంట్లో 0.4 రేకు అడ్డం లేకుండా దూరింది.

వంగే రకం చూస్తుంటే తెరవకుండా బారెల్‌ని పైకీ కిందికీ ఆడించి చూడండి. లాచ్ దగ్గర కదిలితే ఎంత మెరిసినా వద్దు.

మెరుపు గురించి ఒక మాట. మన కృష్ణా తీరపు ఉక్కలో తోలు హోల్‌స్టర్‌లో పెట్టి మరిచిపోయిన ఇనుమును ఒక్క వానాకాలానికే తుప్పు గుంటలుగుంటలుగా తింటుంది. ఆ గుంటలు పోవాలంటే చక్రం మీద అరగదీసి మళ్లీ బ్లూయింగ్ (నల్లటి పూత) వేస్తారు. టార్చి ఏటవాలుగా కొట్టి అక్షరాల అంచులు చూడండి. అంచులు పదునుగా ఉండాలి, అరిగిన నాణెంలా కాదు. స్క్రూ తలలు నలిగి ఉంటే ఎవరో అనుభవం లేనివాడు విప్పాడని అర్థం. వందేళ్ల వస్తువు కొత్తదానిలా మెరుస్తుంటే ఎందుకు మెరుస్తోందో అడగండి. అడగకుండా మురిసిపోయాను నేను.

తూటాల దగ్గరా జాగ్రత్త. .32 అనే మాట మన దగ్గర ప్రధానంగా రెండు వేరు వేరు తూటాలకు వాడతారు. పిస్టల్‌ది పొట్టి, 7.65×17. రివాల్వర్‌ది పొడుగు, 7.65×23, అంచున చక్రంలా రిమ్ ఉంటుంది. పాత బారెల్ మీద '.32 కోల్ట్ న్యూ పోలీస్' అని కనిపిస్తే కంగారు పడకండి, అది స్మిత్ వాళ్ల .32 లాంగ్‌కే (ఆ పొడుగు తూటాకే) కోల్ట్ కంపెనీ పెట్టుకున్న పేరు. కొట్టువాడు "ఏదైనా పడుతుంది బాబూ" అంటే మాత్రం అక్కడ తూటాలే కాదు, ఏమీ కొనకండి.

పోయిన వారం తెనాలి నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఎవరో చెప్పారట నా దగ్గర 'స్మిత్' ఉందని. "అన్నా, నాలుగిస్తాను, నాకిచ్చేయండి" అన్నాడు. నాలుగు లక్షలు. వీడియో కాల్ చేయమని, టార్చి పట్టుకుని ఆ 'ఫర్' చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, బెజవాడలోనే ఇంకో కొట్లో ఇలాంటిదే చూశాను, అడ్వాన్సు ఇద్దామనుకుంటున్నాను" అన్నాడు. రేపు ఆదివారం భూతద్దం, గేజ్ తీసుకుని అతనితో వెళ్తున్నాను. నాదాన్ని ఎవరికీ అమ్మను. లైసెన్సు అధికారికి అప్పగించేస్తానని దరఖాస్తు రాసిపెట్టాను.