జాగ్రత్త: మాట్లాడే రోబో కొంటున్నారా? ముందు వైఫై తీసేసి చూడండి

పిల్లలకు తోడుగానో, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు కాలక్షేపంగానో మాట్లాడే రోబో కొనాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది. మోటారు కాలడం, స్క్రీన్ పగలడం ఇక్కడ పెద్ద బెడద కాదు. రోబో నిక్షేపంలా ఉంటుంది, కంపెనీ సర్వర్ ఆగిపోతుంది, ఆ రోజు నుంచి అది మూగది.

ఇలాంటి రోబోల్లో చాలావాటి ఒంట్లో ఉండేవి కెమెరా, మైకు, ఓ మాదిరి ప్రాసెసర్, అంతే. పేరు పెట్టి పిలిస్తే పలకడం వరకు అది సొంతంగా చేసుకుంటుంది. ఆపైన మనం అన్న మాట కంపెనీ సర్వర్‌కు వెళ్లి, జవాబు అక్కడ తయారై వెనక్కి వస్తుంది. ఆ సర్వర్‌కు నెలనెలా ఖర్చవుతుంది. మనం కట్టేది చాలాసార్లు ఒక్కసారే. అమ్మకాలు తగ్గాక ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ఇది ఊహాగానం కాదు. 2017లో వచ్చిన జిబో అనే రోబో, తన సర్వర్లు ఆపేస్తున్నారని 2019లో తన నోటితోనే యజమానులకు చెప్పింది. వెక్టర్ అనే చిన్న రోబో 2018లో మార్కెట్లోకి వస్తే, దాన్ని చేసిన యాంకీ కంపెనీ 2019లోనే మూతపడింది. పిల్లల కోసం చేసిన మాక్సీ సంగతి 2024 డిసెంబర్‌లో బయటపడింది: డబ్బులేక కంపెనీ మూసేస్తున్నాం అన్నారు. పిల్లలకు ఈ విషయం ఎలా చెప్పాలో తల్లిదండ్రులకు ఓ ఉత్తరం కూడా ఇచ్చారు. సొంత కంప్యూటర్‌నే సర్వర్‌గా పెట్టుకుని మాక్సీని నడిపే దారి తర్వాత చూపించారు గానీ, అది సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ల పని.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ సోనీ పాత ఐబో కుక్క. 1999లో వచ్చింది, 2006లో తయారీ ఆపేశారు, 2014లో మరమ్మతులు కూడా ఆపేశారు. అయినా ఇళ్లలో తిరుగుతూనే ఉంది, ఎందుకంటే దాని ప్రోగ్రామ్ ఒంట్లోని మెమరీ స్టిక్‌లోనే ఉండేది. సోనీ మాజీ ఇంజనీర్లు చెడిపోయిన ఐబోల భాగాలు తీసి మిగతావాటికి అమర్చేవారు. విడిభాగాల కోసం విప్పేముందు ఆ కుక్కలకు జపాన్‌లోని ఓ బౌద్ధ ఆలయంలో ప్రార్థనలు చేయించేవారు. మనుషులు వీటితో ఎంత ముడిపడిపోతారో కంపెనీలకు తెలియక కాదు. ప్రకటనల్లో అమ్మేది ఆ ముడినే.

కాబట్టి పరీక్ష. పెట్టె తెరిచి సెటప్ పూర్తయ్యాక, వాపసు గడువు దాటకముందే రౌటర్ ఆపేయండి. రోబోను పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ఇది తప్పనిసరి, లేకపోతే పాత కనెక్షన్ తాలూకు మిగులుతో కాసేపు నడిచి మోసం చేయొచ్చు. ఇప్పుడు పిలిస్తే పలుకుతుందా, కదులుతుందా, ఛార్జింగ్ డాక్‌ను తనంతట వెతుక్కుంటుందా, ఇంట్లోవాళ్ల ముఖాలు గుర్తుపడుతుందా చూడండి. కళ్లు తిప్పుతూ ఎర్రలైటు వెలిగించడం తప్ప ఏమీ చేయకపోతే, మీరు కొన్నది వస్తువు కాదు, చందా. సర్వీస్ ఎప్పుడైనా నిలిపివేయవచ్చన్న వాక్యం షరతుల్లో ఉందేమో వెతకండి. దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

సెటప్‌లోనే ఆగిపోతే రోబో చెడిపోయిందని కంగారు పడకండి. చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది. రౌటర్ ఇచ్చే 2.4, 5 గిగాహెర్ట్జ్ వైఫైలు రెండూ ఒకే పేరుతో ఉంటే, రౌటర్ సెట్టింగుల్లో వాటికి వేర్వేరు పేర్లు పెట్టండి.

సెకండ్ హ్యాండ్‌లో మరీ జాగ్రత్త. పాత యజమాని తన ఖాతా నుంచి రోబోను తొలగించకపోతే కొన్ని మోడళ్లు కొత్త ఖాతాకు అసలు ఎక్కవు. అమ్మేవాళ్ల ఎదుటే ఆ తొలగింపు చేయించాకే డబ్బు ఇవ్వండి. బ్యాటరీ స్క్రూలతో ఉందా, జిగురుతో అతికించారా అనేది కూడా అడగండి. లిథియం అయాన్ బ్యాటరీ కొన్నేళ్లకు ఎలాగూ నీరసిస్తుంది.

కెమెరా, మైకుల విషయంలో యాప్‌లోని బటన్‌ను నమ్మొద్దు. కెమెరాకు జరిపే మూత, మైకుకు తీగను తెంపే స్విచ్ ఉంటే అది వేరు. కైలా అనే మాట్లాడే బొమ్మను జర్మనీ 2017లో నిషేధించింది. ఎందుకంటే దగ్గర్లో ఉన్న ఎవరైనా బ్లూటూత్‌తో దానికి కనెక్ట్ కాగలిగేవారు.

సర్వర్ మూసేస్తున్నామని నోటీసు వస్తే మాత్రం ఫ్యాక్టరీ రీసెట్ (అన్నీ చెరిపేసి కొత్తదానిలా మార్చడం) చేయకండి. మళ్లీ సెటప్ కావాలంటే ఆ సర్వరే పలకాలి. చివరి అప్‌డేట్ ఎక్కించుకోండి, ఫొటోలు, రికార్డింగులు దించుకోండి. పిల్లలకు, పెద్దలకు తేదీ ముందే చెప్పండి. చెప్పకపోతే తాము కోప్పడినందుకే అది మాట్లాడటం మానేసిందని చిన్నపిల్లలు అనుకోవచ్చు.