తెర ముందా, తెర వెనకా? డిస్నీలో ఒక్కరోజే దొరికితే ఏది మేలు

మా వీధిలో అమెరికా వెళ్లివచ్చిన అమ్మానాన్నలను లెక్కపెట్టాలంటే రెండు చేతుల వేళ్లూ చాలవు. కూతురి పురుటికో, కొడుకు గృహప్రవేశానికో వెళతారు, ఆరు నెలలు ఉంటారు. ఆ ఆరు నెలల్లో ఒక్క వారం పిల్లలు సెలవు పెట్టి ఎక్కడికైనా తిప్పుతారు. పిల్లలు ఫ్లోరిడాలో ఉంటే ఆ తిప్పడం ఓర్లాండో దగ్గరి డిస్నీ వరల్డ్ అనే వినోద పార్కులకే. ప్రయాణానికి ముందు మా ఇంటికి వచ్చి, ఊరగాయ కారిపోకుండా ఎలా సర్దాలో అడిగి తెలుసుకున్నాక, వాళ్లు వేసే రెండో ప్రశ్న ఇది: "వదినా, రైడ్లు ఎక్కడం మేలా, తెర వెనకంతా తిప్పి చూపించే ఆ టూరు మేలా?"

నన్నే ఎందుకు అడుగుతారంటే మా ఇంట్లో రెండు పక్షాలూ ఉన్నాయి. మొదటిసారి వెళ్లినప్పుడు మా ఆయన టూరుకు వెళ్లారు, నేను కూతురితో, మనవడితో రైడ్ల వైపు వెళ్లాను. రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు తారుమారు చేసుకున్నాం. కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. తీర్పు నాదే, ఆయన ఒప్పుకోకపోవచ్చు.

టూరు సంగతి ముందు. డిస్నీ వరల్డ్‌లో నాలుగు పెద్ద పార్కులున్నాయి. అన్నిటికన్నా పాతది మ్యాజిక్ కింగ్‌డమ్, 1971 అక్టోబరు 1న తెరిచారు. 'కీస్ టు ది కింగ్‌డమ్' అనే టూరు నడిచేది అందులోనే. చిన్న గుంపుగా, ఒక గైడు వెంట, సుమారు 5 గంటల నడక. మధ్యాహ్న భోజనం టూరు డబ్బులోనే వస్తుంది. 16 ఏళ్లు నిండనివారిని రానివ్వరు. తెర వెనక భాగంలో ఫోన్ బయటికి తీసి ఫోటో తీయడం నిషిద్ధం. అన్నిటికన్నా ముఖ్యంగా, పార్కు టికెట్ విడిగా కొనాల్సిందే. రోజును బట్టి మారే ఆ టికెట్టే వంద డాలర్లు దాటుతుంది, దాని మీద టూరుకు తలకు మరో వంద డాలర్ల పైచిలుకు. ఆ రెండో వంద డాలర్లతో ఇక్కడ ఇంటిల్లిపాదీ కారు మాట్లాడుకుని తిరుపతి వెళ్లి రావచ్చు. ఈ లెక్క మా ఆయన దగ్గర వేసి ఉపయోగం లేకపోయింది.

ఇక రైడ్ల రోజు. మేం వెళ్లింది జూన్‌లో. కడప ఎండలో పుట్టి పెరిగినదాన్ని, ఫ్లోరిడా ఎండ నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. మన ఎండ పొడి ఎండ, నీడలోకి వెళితే ప్రాణం లేచివస్తుంది. అక్కడిది ఉక్క. నీడలో నిలబడినా ఉడికించిన గుడ్డ మొహాన కప్పినట్టు ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికల్లా మబ్బు కమ్మింది, ఉరుములు మొదలయ్యాయి, ఆరుబయట తిరిగే రైడ్లన్నీ ఆపేశారు. పిడుగుల భయం ఉన్నంతసేపూ అంతే. అప్పటికి గంటసేపు క్యూలో నిలబడి ఇంకో నాలుగు మలుపుల్లో ఎక్కబోతున్నవాళ్ల మొహాలు చూడాలి!

మా మనవడికి అప్పుడు అయిదో ఏడు నడుస్తోంది. స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ ఎక్కాలంటే 44 అంగుళాల ఎత్తు ఉండాలి. ద్వారం దగ్గర కొలకర్ర లాంటిది ఉంటుంది. వాడు దాని కింద నిలబడి, మడమలు మెల్లగా పైకి లేపి, గడ్డం ఎత్తి, ఊపిరి బిగపట్టాడు. అక్కడున్న అమ్మాయి నవ్వుతూ వాడి భుజం మీద చెయ్యి వేసింది, మడమలు నేలకు దిగాయి, రెండంగుళాలు తక్కువ తేలింది. ఏడుపు. ఆ ఏడుపు హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల కొంప రైడు క్యూ దాకా సాగింది. దానికి ఎత్తు నిబంధన లేదు. బండిలో కూర్చుంటే చీకట్లో అదే తిప్పుతుంది. పెద్ద భోజనశాల, కింద దయ్యాలు జంటలు జంటలుగా నాట్యం చేస్తుంటాయి, వాటి ఒంట్లోంచి వెనకున్న కుర్చీలు కనిపిస్తుంటాయి. వాడు నా చీర కొంగు గుప్పిట్లో నలిపేస్తూ, "అవ్వా, అవి నిజమా?" అని అడిగాడు. ఏమో నాయనా అన్నాను. అబద్ధం కాదు, అప్పటికి నాకూ తెలియదు.

పెద్దవాళ్లకు రైడ్ల రోజులో ఒక సుఖం ఉంది. కాళ్లు లాగితే కూర్చోవచ్చు. ఒకటి మానేసి బల్ల మీద కూలబడి, ఐస్‌క్రీం తింటూ జనాన్ని చూడవచ్చు. గుండె, వెన్ను, రక్తపోటు ఇబ్బందులున్నవాళ్లను ఊపుడెక్కువ రైడ్లకు వద్దని బోర్డు మీదే రాస్తారు, వాళ్లకు పడవల్లో, బండ్లలో మెల్లగా తిప్పేవి బోలెడున్నాయి. టూరులో ఈ వెసులుబాటు లేదు. గైడు నడిస్తే నడవాలి, ఆగితే నిలబడాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నేను టూరు వద్దనే చెబుతాను. ఇంగ్లీషు సంగతి కూడా చూసుకోవాలి. అమెరికా గైడు వేగంగా మాట్లాడతాడు, నడుమ హాస్యాలు వేస్తాడు. అందరూ నవ్వాక మనకు అర్థమై మనం ఒక్కరమే నవ్వాల్సివస్తుంది.

అయితే టూరులో ఏముంది? ఒక్క మాటలో చెప్పాలంటే నేలమాళిగ. నేలమాళిగ అని అందరూ అంటారు గానీ అది నేల కింద లేదు, అక్కడే ఉంది చమత్కారం.

కాలిఫోర్నియాలో 1955లో తెరిచిన మొదటి డిస్నీలాండ్‌లో ఈ పార్కులకు మూలపురుషుడు వాల్ట్ డిస్నీ కంటికి ఒకటి తగిలిందని చెబుతారు. కౌబాయ్ వేషం వేసుకున్న ఉద్యోగి తన చోటికి వెళ్లడానికి, రాబోయే కాలపు లోకంగా తీర్చిదిద్దిన వీధి మీదుగా నడుచుకుంటూ పోయాడట. దుర్యోధనుడు కిరీటంతో సహా ఆర్టీసీ బస్టాండులో టీ తాగుతున్నట్టన్నమాట. అందుకే ఫ్లోరిడా పార్కులో మనుషులు, సరుకులు, చెత్త, అన్నీ జనానికి కనబడకుండా కదలడానికి దారులు వేశారు. కానీ ఫ్లోరిడాలో నేల కాస్త తవ్వితే చాలు, నీళ్లు. మా వైపు వెయ్యి అడుగులు బోరు దించినా దుమ్ము లేస్తుంది, వాళ్లకు అదీ బాధే! కాబట్టి తవ్వడం మానేసి, దారులను నేల మీదే కట్టారు. పార్కు ముందు పెద్ద చెరువు తవ్వి, ఆ మట్టి తెచ్చి దారుల చుట్టూ, పైనా పోశారు. దాని మీద పార్కు కట్టారు. అంటే మనం వీధి అనుకుని నడిచేది మేడ మీద. రాజకుమారి కోట ముందు నిలబడి ఫోటో దిగేవాళ్లంతా నిజానికి ఒక అంతస్తు పైన ఉన్నారు.

మా ఆయన ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో, కేసీ కాలువ గట్ల మీద గడిచింది. మట్టి ఎక్కడ తీశారు, ఎక్కడ పోశారు అన్నది ఆయనకు భోజనం కన్నా రుచి. ఆ రోజు సాయంత్రం మమ్మల్ని కలిసినప్పుడు కోట గురించి ఒక్క ముక్క చెప్పలేదు, చెరువు గురించే అరగంట చెప్పారు.

నేను వెళ్లినప్పుడు నాకు నచ్చింది వేరు. లోపల బూడిదరంగు గోడలు, తల మీద వరసగా గొట్టాలు, ఏ దారి ఏ వీధి కిందిదో తెలిసేలా గోడలకు రంగు గుర్తులు. బ్యాటరీ బండ్లు చప్పుడు లేకుండా పక్క నుంచి దూసుకుపోతాయి. ఉన్నట్టుండి నెత్తిమీద గొట్టంలో గలగలమని ఏదో పరుగెత్తింది. పైన వీధిలోని చెత్తడబ్బాల సంచులను గాలితో పీల్చి పార్కు వెనక్కు చేరవేసే ఏర్పాటు అట, స్వీడన్ వారి పద్ధతి, గంటకు సుమారు 95 కిలోమీటర్ల వేగం. ఎవరో పైన సగం తిని పారేసిన మొక్కజొన్న కంకి మా కడప–తిరుపతి బస్సు కన్నా వేగంగా పోతోందని నవ్వొచ్చింది. ఊరేగింపు శకటాలు నిలిపే షెడ్డు కూడా చూపించారు. రాత్రి దీపాలతో వెలిగిపోయే బండి పగటి వెలుతురులో దుమ్ము పట్టి, పక్కన ఎవరిదో టిఫిన్ సంచితో నిలబడి ఉంది. దేవుని కడపలో రథసప్తమి అయిపోయాక రథం ఒంటరిగా నిలబడినట్టే అనిపించింది.

కోట ఎత్తు 189 అడుగులు. అందులో ఒక్క ఇటుక లేదు, ఉక్కు, కాంక్రీటు, పైన ఫైబర్‌గ్లాస్. పైకి పోయేకొద్దీ కిటికీలు, రాళ్ల గీతలు చిన్నవి చేశారు, అందుకే ఉన్నదానికన్నా ఎత్తుగా కనిపిస్తుంది. గైడు ఇదేదో రహస్యం విప్పినట్టు చెబితే మా గుంపులో అందరూ ఆహా అన్నారు. మన గోపురాల అంతస్తులు పైకి పోయేకొద్దీ కురచవుతూ పోవడం చూస్తూ పెరిగినదాన్ని, నాకు ఆహా రాలేదు.

ఇప్పుడు అసలు మెలికకు వస్తాను. లోపల చూశాక బయటి మాయ మిగులుతుందా? టూరు వద్దనేవాళ్లంతా చెప్పే కారణం ఇదే.

మాది సురభి నాటకాలు పుట్టిన జిల్లా. 1885లో మా జిల్లాలోని సురభి అనే పల్లెలో, తోలుబొమ్మలాట ఆడుకునే వనారస వంశం వాళ్లు తామే వేషాలు కట్టి నాటకం వేశారు. ఆ ఊరి పేరే వాళ్లకు నిలిచిపోయింది. నాకు పదేళ్లప్పుడు ఒక నాటక సమాజం మా ఊళ్లో నెల రోజులు డేరా వేసింది. మా నాన్న వాళ్ల వంటకు కట్టెలు పోసేవాడు. నాలుగు రాత్రులు ముందు కూర్చుని చూశాను: బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొనడం, లడ్డూలు వాటంతట అవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోవడం. అయిదో రాత్రి నాన్న నన్నూ, అప్పుడే అమ్మమ్మ ఇంటి నుంచి వచ్చిన తమ్ముణ్ణీ తెర వెనక్కు తీసుకెళ్లాడు. నారదుడు బొరుగులు నములుతూ గిలక కింద నిలబడి ఉన్నాడు. లడ్డూకు నల్లదారం, ఆ దారం కొస పట్టుకుని ఒక ముసలాయన, నోట్లో తమలపాకు, కళ్లు మాత్రం లడ్డూ మీదే.

ఆరో రాత్రి మళ్లీ ముందు కూర్చున్నాం. నేను దారం కోసం కళ్లు చికిలించి వెతికాను. ఉందని తెలుసు, ఎక్కడుందో తెలుసు, అయినా కనబడలేదు. లడ్డూ లేచినప్పుడు మొదటిరోజు కన్నా గట్టిగా చప్పట్లు కొట్టాను. తమ్ముడు ముందు నుంచి చూడటం అదే మొదలు. "దారంతో లాగుతున్నారులే" అని పక్కవాళ్లకు చెప్పి, కాసేపటికి నా ఒళ్లో నిద్రపోయాడు.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు ముందు ఒకటే అడుగుతాను: ఇది మొదటిసారా? మొదటిసారయితే టూరు జోలికి పోవద్దు, రైడ్లు, ఊరేగింపు, రాత్రి బాణసంచా, అంతే. చిన్నపిల్లలు వెంట ఉంటే ఇక ప్రశ్నే లేదు, టూరుకు వెళ్లేవాళ్లు అయిదు గంటలు పిల్లలను ఇంకొకరికి అప్పగించాలి. ఒకసారి చూసినవాళ్లు, నడవగలిగినవాళ్లు, ఇంగ్లీషు తడబడకుండా అర్థమయ్యేవాళ్లు, 'ఇది ఎట్లా కట్టారబ్బా' అని ఏ వంతెన చూసినా ఆగే స్వభావం ఉన్నవాళ్లు అయితే రెండోసారి కళ్లు మూసుకుని టూరు తీసుకోవచ్చు. హాంటెడ్ మాన్షన్ దయ్యాల కిటుకు నాకు రెండో ప్రయాణంలో తెలిసింది: పెద్ద గాజు అద్దం, ఎక్కడో దాచిన బొమ్మల ప్రతిబింబం అందులో పడటం, 1860ల నాటి ఇంగ్లండు నాటకశాలల ఉపాయం. తెలిశాక మళ్లీ ఎక్కాను. అద్దం అంచు కోసం వెతికాను. దొరకలేదు.

అమెరికా దాకా ఎందుకు, ఇక్కడే అయ్యేది చెప్పమంటే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. 1996లో మొదలైంది, ప్రపంచంలో అతిపెద్ద ఫిల్మ్ స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్‌కెక్కింది. కడపలో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి హైదరాబాదు. అక్కడ తెర ముందు, తెర వెనక అనే పేచీ లేదు. గైడుతో బస్సులో తిప్పడం టికెట్టులోనే కలిసి ఉంటుంది, సినిమాలో శబ్దాలు, దృశ్యాలు ఎలా కలుపుతారో చూపించే ప్రదర్శనలూ ఉంటాయి, పిల్లలనూ రానిస్తారు. ముందు గోడ తప్ప వెనక ఇల్లు లేని వీధులు చూసి పిల్లలు పడీపడీ నవ్వుతారు. కానీ అది చూపించడానికే తెరిచిన తెర వెనక. ఎవరి టిఫిన్ సంచో కంటబడేంత లోపలికి వెళ్లాలని ఉంటే మాత్రం ఆ బస్సు టూరుతో తృప్తి తీరదు.

16 ఏళ్ల నిబంధన ఎందుకో మా అమ్మాయికి మొదట అర్థం కాలేదు. మొదటి ప్రయాణంలో, ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో కారులో, వెనక సీటులో నిద్రపోయాడనుకున్న మా మనవడు లేచి కూర్చున్నాడు.

"తాతా, నువ్వు లోపలికి వెళ్లావు కదా. మిక్కీ ఇల్లు చూశావా?"

"చూశాను. తాళం వేసి ఉంది."

"మరి మిక్కీ ఎక్కడికి వెళ్లాడు?"

"ఎవరో కడప అవ్వ మనవడు వచ్చాడంట, వాడితో ఫోటో దిగడానికి వెళ్లాడని చెప్పారు."

వాడు నా ఫోన్ లాక్కుని, ఆ మధ్యాహ్నం దిగిన ఫోటో వెతికి, తాత మొహం ముందు పెట్టాడు. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, చాలాసేపు దాన్నే చూశారు.