డోనర్స్‌బెర్గ్ మడత మ్యాపు: ఆకారం అచ్చంగా, పేరు అరకొరగా

జర్మనీ నైరుతి భాగాన, రైన్‌లాండ్-పాలటినేట్ రాష్ట్రంలో ఉన్న డోనర్స్‌బెర్గ్ కొండ మీద నడవడానికి 1:25,000 స్కేలు గల మడత మ్యాపు ఒకటి కొన్నాను. ఫోను చేతిలో ఉండగా కాగితం దేనికని మొదట తటపటాయించినా, దాన్ని పట్టుకొని ఆ అడవిలో మూడుసార్లు తిరిగిన తరువాత కొన్నందుకు విచారం లేదు. కొండ ఆకారాన్ని ఇంత శ్రద్ధగా చూపినవారు దాని పేరు దగ్గరకు వచ్చేసరికి ఎందుకంత తొందరపడ్డారన్నదే నా ఫిర్యాదు.

ఈ మ్యాపులో నాలుగు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. సమోన్నత రేఖలను (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు; అవి దగ్గరైతే వాలు నిటారు) గోధుమరంగులో సన్నగా, ఆకుపచ్చ అడవి కింద మునిగిపోకుండా గీశారు. సుమారు 687 మీటర్ల ఎత్తుతో, రాష్ట్రంలో ఒక భాగమైన పాలటినేట్ ప్రాంతంలో ఈ కొండే అత్యున్నత స్థానం. పాలటినేట్ అడవిలోని 673 మీటర్ల కాల్మిట్ శిఖరానికి ఆ ఘనత కట్టబెట్టేవారు ఈ మ్యాపును ఒకసారి చూస్తే చాలు. దాదాపు 28 కోట్ల సంవత్సరాల క్రితం పైకి ఉబికిన శిలాద్రవం గట్టిపడి రయోలైట్ రాయి అయింది. చుట్టూ ఉన్న మెత్తని రాళ్లు అరిగిపోగా ఇది మిగిలింది. ఆ చరిత్ర అంతా రేఖల్లోనే కనిపిస్తుంది: దక్షిణాన విల్డెన్‌స్టైన్ లోయ దగ్గర అవి దువ్వెన పళ్లలా కిక్కిరిసి ఉంటాయి, కొండ నెత్తి మీదికి వచ్చేసరికి ఒకదానికొకటి దూరంగా జరిగిపోతాయి. తూర్పున డానెన్‌ఫెల్స్ ఊరి నుంచి తీపి చెస్ట్‌నట్ చెట్ల మధ్యగా ఎక్కుతున్నప్పుడు మోకాళ్లు చెప్పిన మాటా, మ్యాపు చెప్పిన మాటా ఒక్కటే అయ్యాయి. పైన బీచ్ అనే అడవిచెట్ల నీడలో దారి దాదాపు చదునుగా సాగుతుంది. శిఖరమైన క్యోనిగ్స్‌ష్టూల్, అంటే రాజుగారి ఆసనం, ఆర్భాటం లేని ఒక రాతిగుట్ట. 1865లో పూర్తయిన లుడ్‌విగ్ బురుజు, 200 మీటర్లకు పైబడిన ప్రసార స్తంభం కూడా సరైన చోటనే గుర్తించి ఉన్నాయి.

ప్రాచీన ఐరోపాకు చెందిన కెల్ట్ జాతివారి కోట గోడను చూపిన తీరు మాత్రం నిరాశ కలిగించింది. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దంలో ఈ కొండ మీద దాదాపు 240 హెక్టార్ల విస్తీర్ణంలో కోట పట్టణం ఉండేది. దాని మట్టి, రాతి కట్ట నేటికీ అడవిలో కిలోమీటర్ల పొడవున కనిపిస్తుంది. అటువంటి కట్టను అటవీశాఖ హద్దు గీతకు వాడిన బూడిదరంగు చుక్కలతోనే గీయడం వల్ల, ఒకచోట నేను దాని మీదే నిలబడి దాని కోసం వెతికాను.

ఇక పేరు. మ్యాపు వెనుక నాలుగే వాక్యాలున్నాయి: డోనర్ అంటే ఉరుము, బెర్గ్ అంటే కొండ, జర్మానిక్ జాతుల ఉరుముల దేవుడు డోనార్ పేరు దీనికి వచ్చింది, రోమనులు తమ ఉరుముల దేవుడి పేర దీనిని జూపిటర్ కొండ అన్నారు. ఎక్కువమంది చెప్పేదీ ఇదే కనుక తప్పు పట్టలేను. అయితే జర్మానిక్ భాషలకంటే ముందు ఇక్కడ కోట కట్టుకున్న కెల్ట్‌లకూ టారానిస్ అనే ఉరుముల దేవుడు ఉన్నాడు కదా. ఈ పేరు కొత్తగా పెట్టినదా, పాతదానికి అనువాదమా అన్న ప్రశ్నకు ఒక్క వాక్యమైనా కేటాయించి ఉండవలసింది. గురువారానికి జర్మన్‌లో డోనర్స్‌టాగ్ అని పేరు, లాటిన్‌లో అది జూపిటర్ దినం, మనకు బృహస్పతి వారం. ఆ లెక్కన దీనిని మనం గురుగిరి అనుకోవచ్చునని మ్యాపు అంచున పెన్సిలుతో రాసుకున్నాను. ఫ్రెంచి పాలనలో, 1814 వరకు, మైంజ్ నగరం రాజధానిగా ఉన్న పరిపాలనా విభాగాన్ని ఈ కొండ పేరునే అనువదించి మోఁ-తొనేర్ అని పిలిచారు. 1969లో ఏర్పడిన నేటి జిల్లా కూడా డోనర్స్‌బెర్గ్‌క్రైస్. ఒక అడవి కొండ రెండుసార్లు పాలనా పటాలకెక్కిన ఈ సంగతికి మ్యాపులో చోటే దొరకలేదు. బస్సు వేళల ప్రకటనకు మాత్రం అరపేజీ దొరికింది.

కాగితం తడికి ఆగుతుంది గానీ మడతకు ఆగదు. అడ్డమడత, నిలువుమడత కలిసే బిందువు సరిగ్గా శిఖరం మీదే పడటంతో మూడవ నడకకే క్యోనిగ్స్‌ష్టూల్ ఉన్నచోట చిల్లు పడింది. దారులు, వాలులు, లోయలు తెలుసుకోవాలనుకునేవారు నిశ్చింతగా కొనవచ్చు; కొన్నరోజునే శిఖరం వెనుక ఒక టేపుముక్క అంటించుకోండి.